రత్తమ్మకు ఇచ్చిన మాట

మన ఊరి నుంచి మండలానికి వెళ్ళే పాత డొంకదారిలో, వాగు దాటగానే ఎడమచేతివైపు ఒక పాడుబడిన బావి, దాని గట్టున ఒక చింతచెట్టు ఉన్నాయి. ఆ బావిని రత్తమ్మ బావి అంటారని పెద్దవారికి తెలుసు, చిన్నవారికి ఇప్పుడు తెలిసింది. ఆ చెట్టు కాయ ఎంత పులుపో చెప్పగలిగినవారు ఈ అరుగు మీద ఒక్కరైనా ఉన్నారా? లేరు, ఎందుకంటే ఆ కాయ కోసినవారే లేరు. కొత్త తారురోడ్డు ఎనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగినా అందరూ దాని మీదనే వెళుతున్నారు. రోడ్డు బాగుండటం చేతనని మీరు అనవచ్చు. అది ఎంత బాగుందో మీ నడుములనే అడగండి.

సరే, దగ్గరికి జరిగి కూర్చోండి. అంకినీడు సంగతి చెబుతాను.

అంకినీడుది మూడెకరాల మిరప. ఉగాది వెళ్ళి పది రోజులయింది, కోత పూర్తయింది, పండుకాయ అంతా ఇంటి వెనక కల్లంలో ఎర్రటి తివాచీ పరచినట్టు ఎండుతోంది. ఆయన భార్య సామ్రాజ్యం వారం రోజులుగా ఒకటే మాట చెబుతూ వచ్చింది, పాత టార్పాలిన్లను ఎలుకలు కొట్టేశాయి, కొత్తవి తెండి, పైన ఏదైనా పడితే ఏడాది కష్టం తెల్లబారి తాలుకాయ అయిపోతుంది అని. ఈ ఎండకు వాన ఎక్కడి నుంచి వస్తుందే, నీ పుట్టింటి నుంచా అని ఆయన వేళాకోళం చేస్తూ వచ్చాడు. ఆ రోజు పదకొండు గంటలకల్లా తూర్పున కాటుక రంగు మబ్బు లేచింది. భార్య చెప్పినది కళ్ళ ముందే నిజమవుతుంటే మగవాడికి ఎలాంటి కోపం వస్తుందో ఇక్కడి మగవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు కదా?

ఆ కోపంతోనే ఆయన మోపెడ్ బయటకు తీశాడు. గడపలో నిలబడి సామ్రాజ్యం, ఎప్పటికి వస్తారండీ అని అడిగింది.

"పోతున్నా! ఇంక నన్నేమీ అడక్కు" అన్నాడు.

ఆమె "అదేం పాడు మాటండీ! వస్తానని చెప్పి వెళ్ళండి" అని వాకిలి దాకా వెంటపడింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

అయ్యా, మన ఇళ్ళల్లో ఎవరైనా పోతున్నాను అంటారా? వీధి చివరకు పాలకోసం వెళ్ళేవాడు కూడా వస్తాననే అంటాడు. వెళుతూ వస్తాననడం ఏమిటని పరాయి దేశపువాడు నవ్వుకోవచ్చు. మనకు మాత్రం పోవడమంటే వేరు. అంకినీడు చిన్నతనంలో ఒకసారి బడికి పోతున్నానని అంటే తల్లి నోరు కడిగించి, వస్తానని మూడుసార్లు అనిపించి గాని గడప దాటనివ్వలేదట. అటువంటి మనిషి ఆ రోజు ఆ మాట అనేసి వెళ్ళాడు.

మండలంలో టార్పాలిన్ల దుకాణానికి తాళం. యజమాని భోజనానికి వెళ్ళాడన్నారు. అంకినీడు మెట్ల మీద గంటసేపు కూర్చుని మబ్బును చూశాడు, గడియారాన్ని చూశాడు, మళ్ళీ మబ్బును చూశాడు. వచ్చిన పెద్దమనిషి తీరిగ్గా వక్కపొడి నములుతూ, పెద్దవి పొద్దుననే అయిపోయాయి, అందరూ వారం ముందే జాగ్రత్తపడ్డారు, మీరేమిటి ఇంత ఆలస్యం అని పరామర్శించాడు. మిగిలిన రెండు పొట్టి టార్పాలిన్ పట్టలను, ఎన్నటికీ ఊడని ముడులతో బండికి కట్టి పంపాడు. తీరా సగం దూరం వచ్చేసరికి తారురోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉంది, అటు లారీలు, ఇటు లారీలు. ఇక చేసేదేమీ లేక అంకినీడు పాత డొంకలోకి బండి తిప్పాడు.

తిప్పిన ఐదు నిమిషాలకు వడగళ్ళు మొదలయ్యాయి. ముందు శనగగింజలంత, తరువాత కుంకుడుకాయలంత, ఆ తరువాత నిమ్మకాయలంత. చైత్రమాసపు నేల చూస్తుండగానే ఉప్పుమడి అయిపోయింది. చక్రం జారుతోంది, వీపు మీద ఎవరో గుప్పిళ్ళతో గుద్దుతున్నట్టుంది, పట్ట విప్పి కప్పుకుందామంటే ఆ ముడి రాదు. ఇక్కడే ఇలా ఉంటే కల్లంలో ఎలా ఉందో అన్న ఆలోచన ఆ దెబ్బలకంటె గట్టిగా తగిలింది. దుకాణదారుని, చెట్టును, మబ్బును, చివరకు తనను కూడా తిట్టుకుంటూ ముందుకు వెళితే చింతచెట్టు కింద తాటాకు పందిరి ఒకటి కనిపించింది. బండితో సహా అందులోకి దూరాడు.

ఆ పందిరి కూలి ఇరవై ఏళ్ళయిందని ఆయనకు తెలియదా? తెలుసు. తల మీద రాళ్ళు పడుతున్నప్పుడు అటువంటి సంగతులు ఎవరికి గుర్తుంటాయి?

లోపల ఇసుక మీద వరుసగా కుండలు, వాటి వెనక తెల్లచీరలో ఒక ముసలమ్మ. ఏ ఊరు నాయనా అని అడిగింది, ఎవరి అబ్బాయివి అని అడిగింది, ఎంతమంది పిల్లలు అని అడిగింది. చూపు మబ్బు మీద, మనసు కల్లం మీద పెట్టుకుని ఆయన ముక్తసరిగా జవాబులిచ్చాడు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. కాసేపటికి వడగళ్ళు తెరపి ఇచ్చాయి. ఆయన చెంబు తిరిగి ఇచ్చి, బండి ఎక్కి, మర్యాదకు మనమందరం అనే మాటనే అన్నాడు.

"వస్తానమ్మా."

"మంచిది నాయనా, రా" అన్నది ముసలమ్మ.

ఆయన వాగు దాకా వెళ్ళాడు, మలుపు తిరిగాడు, ఎదురుగా చింతచెట్టు. పందిరి ముందు ముసలమ్మ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. "వచ్చావా నాయనా!" అన్నది సంబరంగా.

దారి తప్పాను కాబోలు అనుకున్నాడు. మీరైనా అలాగే అనుకుంటారు. లేదమ్మా, తొందరగా ఇల్లు చేరాలి, వస్తాను అన్నాడు. మళ్ళీ వాగు, మళ్ళీ మలుపు, మళ్ళీ చింతచెట్టు. ఈసారి ఆమె, మాట మీద నిలబడే బిడ్డవు, ఈ రోజుల్లో ఎవరున్నారు ఇలా అని మెచ్చుకుంది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను రాలేదు తల్లీ, ఈ దిక్కుమాలిన దారి తెస్తోంది!" అని అరిచాడు, అరిచి కూడా, అలవాటు చూడండి, "వస్తా" అనే బండి కదిపాడు. మూడోసారి కూడా అక్కడికే వచ్చాడు. తూర్పున రెండో మబ్బు లేస్తోంది.

అప్పుడు చూశాడు ఆయన, చెట్టు చుట్టూ జానెడు ఎత్తున వడగళ్ళు ఉన్నాయి గాని ముసలమ్మ నిలబడిన చోట అడుగుజాడ లేదు. అప్పుడు గుర్తుకు వచ్చింది ఆయనకు రత్తమ్మ కథ.

రత్తమ్మ పిల్లలు లేని మనిషి. నలభై వేసవులు ఆ చెట్టు కింద చలివేంద్రం నడిపింది. తాగినవారందరూ వస్తానమ్మా, వస్తాను పిన్నీ, వస్తానత్తా అని వెళ్ళేవారు. తారురోడ్డు పడింది, వారిలో ఒక్కరూ మళ్ళీ రాలేదు. ఇటువంటి చైత్రంలోనే ఇటువంటి వడగళ్ళకే పందిరి ఆమె మీద కూలింది, రెండు రోజుల దాకా చూసినవారు లేరు.

అంకినీడుకు భయంకంటె విసుగే ఎక్కువగా ఉందంటే నమ్మండి. నా మిరప పోతోందమ్మా, నన్ను వదిలెయ్యి అని దండం పెట్టాడు. నేను పట్టుకున్నానా నాయనా, వస్తానన్నావు, వస్తున్నావు అన్నది ఆమె. ఆ తరువాత నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇంట్లో ఏం చెప్పి వచ్చావు?"

ఇంటిలో చెప్పింది పోతున్నానని. వస్తానని చెప్పింది ఇక్కడ. ఇక దారి మాత్రం ఎక్కడికి తీసుకువెళుతుంది, మీరే చెప్పండి?

జేబులోని ఫోను తీశాడు. సిగ్నలు ఒక గీత చూపిస్తోంది. మోగగా మోగగా సామ్రాజ్యం ఎత్తింది. "ఏంటి, పట్టలు దగ్గరుండి నేయిస్తున్నారా?" అన్నది. తలుపులు ఊడదీసి కాయ మీద వేశానని, దుప్పట్లయిపోతే చీరలు, చీరలయిపోతే పెళ్ళినాటి పట్టుచీర కూడా కప్పానని, చేతులు గీరుకుపోయాయని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. మామూలు రోజయితే ఆయన కూడా నాలుగు మాటలు అనేవాడే.

"సామ్రాజ్యం, పొద్దున అన్నది తప్పే. నేను వస్తాను" అన్నాడు.

"రండి. ముందు రండి, తరువాత తిడతాను" అన్నది ఆమె, గొంతు కొంచెం తేడాగా.

ఫోను పెట్టి రత్తమ్మ వైపు తిరిగాడు. ఇప్పుడు అనవలసిన మాట ఏమిటో తెలుసు, నాలుకకు రావడం లేదు. పొద్దున కోపంలో సునాయాసంగా వచ్చిన మాట, తెలిసి అనవలసి వచ్చేసరికి బరువయింది. నీళ్ళిచ్చిన మనిషి ముఖం మీద ఎలా అనడం? రెండో మబ్బు చెట్టు మీదికి వచ్చేసింది. కళ్ళు మూసుకున్నాడు.

"పోతున్నానమ్మా. మళ్ళీ రాను."

ఆమె చేతిలోని చెంబు బోర్లించి గట్టు మీద పెట్టింది.

"పో నాయనా. ఇంతమంది తాగి వెళ్ళారు గాని, నిజం చెప్పి వెళ్ళినవాడివి నువ్వొక్కడివే."

ఈసారి వాగు దాటితే మన ఊరి నీళ్ళ ట్యాంకు కనిపించింది. కల్లం చేరేసరికి రెండో విడత మొదలయింది, భార్యాభర్తలిద్దరూ చెరో కొస పట్టుకుని, ముడులు కత్తిపీటతో కోసి, పట్టలు లాగారు. సగం కాయ నిలిచింది, సగం తెల్లబారింది. పొట్టి పట్టలు అందని మూల పట్టుచీర అలాగే ఉండిపోయింది, దానికి పట్టిన మిరప ఎరుపు ఎన్ని ఉతుకులకూ వదలలేదు, సామ్రాజ్యమ్మగారు ఈనాటికీ ఆ చీర చూపించకుండా ఆయనకు అన్నం వడ్డించరు. ఆయనా ఈనాటికీ పెరట్లోకి వెళ్ళినా వస్తానే అని చెప్పి వెళతాడు. ఆమె విసుక్కుంటుంది గాని, చెప్పకపోతే చెంబు ఇవ్వదు.

ఇక లేవండి, పొద్దుపోయింది. ఆ డొంకదారిన వెళ్ళకండి. తప్పనిసరై వెళ్ళి, వడగళ్ళు పడి, ఎవరైనా నీళ్ళిస్తే తాగండి, దాహానికి దోషం లేదు. వచ్చేటప్పుడు మాత్రం మర్యాద చూపించకండి. అసలు వెళ్ళకపోతే ఈ జాగ్రత్తలేవీ అవసరం లేదు.