ఎడమవైపు బావ, కుడివైపు నేను

సభాధ్యక్షురాలు కళ్ళ డాక్టరమ్మగారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరుసలో కూర్చున్న అంతకంటే పెద్దలకు, కారుకు ఎడమవైపున్న మిత్రులకు, కారుకు కుడివైపున్న మిత్రులకు, ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి పనివేళల్లో చేతులు కట్టుకుని కూర్చున్న మా బావకు నమస్కారం. కారు మాట మొదట్లోనే ఎందుకు ఎత్తానంటే, మా షెడ్డు వెడల్పు అంతే. దుప్పటి కప్పిన ఈ కారు మధ్యలో ఉండగా కుర్చీలు దానికి అటూ ఇటూ వేయక తప్పలేదు. అవతలి వైపు ఎవరొచ్చారో కనపడక మెడలు సాగదీస్తున్నవాళ్ళు దయచేసి క్షమించాలి. దుప్పటి మాత్రం ఎవరూ ఎత్తి చూడకండి. దాని సంగతి తర్వాత నేనే చెప్తాను.

పని మానేస్తున్న బావకు వీడ్కోలు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. మా బావ గురించి ఐదు నిమిషాల్లో చెప్పమనడం ఎలా ఉందంటే, మా బావను ఐదు నిమిషాల్లో చక్రాలు ఎంచమన్నట్టే ఉంది. (నవ్వులు) తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈయన మా ఆవిడకు సొంత అన్నయ్య. మేం చేసే పని పాత కార్లకు, ముఖ్యంగా పాత స్పోర్ట్స్ కార్లకు, వాటి తీరుకు తగ్గ చక్రాలు చూసి బిగించడం. ఇంజను మేం ముట్టుకోం. హారను మోగకపోతే మాకు సంబంధం లేదు. చక్రం, అంతే.

పేరుకు చిన్న పనే. కానీ మా బావ చేస్తే చూడాలి. కారు షెడ్డులోకి రాగానే అందరూ దగ్గరికి వెళ్తారు, ఈయన మాత్రం బకెట్టు పట్టుకుని ఇరవై అడుగులు వెనక్కి వెళ్తాడు. బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంటాడు. ఒక కన్ను మూస్తాడు. ఇక అంతే, గంట గడుస్తుంది, రెండు గంటలు గడుస్తాయి, కారు యజమాని నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఆయనకి ఒంట్లో బాలేదా?" అని అడుగుతాడు. "బానే ఉంది సార్, కారుతో మాట్లాడుతున్నాడు" అంటాను నేను. కొందరు అది విని కారు తీసుకుని వెళ్ళిపోయారు కూడా. (నవ్వులు)

ఆ కారు పుట్టినప్పుడు దాని కాళ్ళకు ఎలాంటివి ఉండేవి, మడ్‌గార్డ్ వంపు ఎంత, టైరుకీ దానికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయి, రిమ్ము బయటికి పొడుచుకొస్తుందా, లోపలికి ముడుచుకుపోతుందా, ఇవన్నీ బకెట్టు మీదే తేలాలి. ఒకసారి ఒకాయన చిన్న పాత కారుకు ఇంతింత పెద్ద చక్రాలు, అద్దంలోలా మొహం చూసుకోవచ్చు, అలాంటివి వేయించుకుని, చూపించుకోవడానికి మా దగ్గరికొచ్చాడు. టైరు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత పల్చన. బావ ఓ గంట చూశాడు. "ఎలా ఉన్నాయండీ?" అన్నాడాయన. "చక్రాలు బాగున్నాయి సార్. మధ్యలో కారేదో ఇరుక్కుంది, అది తీసేస్తే ఇంకా బాగుంటాయి" అన్నాడు మా బావ. (నవ్వులు) ఆయన మండిపడి వెళ్ళిపోయాడు. మూడు నెలలకు తిరిగొచ్చాడు. ఇప్పుడు ఎడమవైపు నాలుగో వరుసలో ఉన్నారు. లేచి నిలబడక్కర్లేదు సార్, అందరూ చూసేశారు.

ఇక అసలు సంగతికొస్తాను. అధ్యక్షురాలుగారు ఒక్క నిమిషం మంచినీళ్ళు తాగండి. ఎందుకంటే ఇది ఈ దుప్పటి కింద ఉన్న మీ కారు గురించి.

పదకొండేళ్ళ క్రితం డాక్టరమ్మగారు తన కారు తెచ్చారు. రెండే సీట్లు, పొడుగు ముక్కు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు, వెన్న రంగు. చక్రాలు మాత్రం తుప్పు పట్టిన ఇనప రేకులు. చూడగానే ప్రాణం ఉసూరుమంది. బావ బకెట్టు ఎక్కాడు. దిగి, "స్పోకులు" అన్నాడు. సన్నటి స్పోకుల చక్రాలు, సైకిలుకి ఉంటాయే అలాంటివి, వెండి రంగువి. నేను, "కాదు, అల్లాయ్" అన్నాను. తేలికపాటి లోహంతో పోతపోసిన ఐదు రెక్కల చక్రాలు. ఆ రకం కార్లు వాటి కాలంలో పందేలకు వెళ్ళినప్పుడు వేసుకున్నవి అవే. బావ ఏమన్నాడంటే, "ఒళ్ళంతా నున్నగా ఉన్న పిల్లకి కాళ్ళకి సన్నటి పట్టీలే అందం బావా" అన్నాడు. "పరిగెత్తే పిల్లకి పట్టీలెందుకు బావా, బూట్లు కావాలి గానీ" అన్నాను నేను. ఇద్దరం ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటాం కాబట్టి, ఆ ఎనిమిది రోజులూ దారిన పోయేవాళ్ళకు ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియలేదు.

ఎనిమిది రోజులంటే ఎనిమిది రోజులూ తిండి తిప్పలు లేవు. రెండు రకాలూ నాలుగేసి తెప్పించాం. మా ఆవిడను తీర్పు చెప్పమంటే, "ఒకడు అన్నయ్య, ఒకడు మొగుడు, నాకు కారే లేదు, నన్నొదిలేయండి" అంది. తొమ్మిదో రోజు డాక్టరమ్మగారు ఫోను చేసి, సాయంత్రానికి కారు కావాలి, మీ ఇష్టం అన్నారు. అప్పుడు మా బావే ఒక ఉపాయం చెప్పాడు. "ఎడమవైపు నా స్పోకులు రెండూ బిగిస్తాను, కుడివైపు నీ అల్లాయ్‌లు రెండూ బిగించు. ఆవిడ వచ్చి అటు చూస్తారు, ఇటు చూస్తారు, ఏది బాగుందంటే అదే నాలుగూ వేసేద్దాం."

(నవ్వులు. సభాధ్యక్షురాలు గ్లాసు కింద పెట్టారు.)

సాయంత్రం ఆవిడ వచ్చారు. కుడివైపు తలుపు దగ్గరికి వచ్చారు, చక్రాలు చూశారు, "బ్రహ్మాండం!" అన్నారు, ఎక్కారు, వెళ్ళిపోయారు. మేమిద్దరం వీధి చివరి వరకూ పరిగెత్తాం. చెయ్యి ఊపాం. ఆవిడ కూడా చెయ్యి ఊపారు. (పెద్దగా నవ్వులు)

డాక్టరమ్మగారూ, పదకొండేళ్ళుగా చెప్పాలనుకుంటూనే ఉన్నాం. రేపు గమనిస్తారులే అనుకున్నాం. సర్వీసుకు వచ్చినప్పుడు గమనిస్తారులే అనుకున్నాం. తర్వాత మీరు ఇంటి దగ్గర కారును ఎడమవైపు గోడకు ఆనించి పెడతారని తెలిసింది, ఆస్పత్రిలో ఎడమవైపు స్తంభానికి ఆనించి పెడతారని తెలిసింది, ఇక మాకు ధైర్యం వచ్చేసింది. కారు ఒక పక్కకు లాగుతోందని మీరన్నప్పుడు, రోడ్డు వాటంగా లేదండీ అన్నది మా బావ. అవునండీ, రోడ్లు పాడైపోయాయి అన్నది నేను. ఇద్దరం కలిసి ఒప్పుకున్న మాట ఆ పదకొండేళ్ళలో అదొక్కటే.

అన్నట్టు, డాక్టరమ్మగారి చెల్లెలుగారు కుడివైపు రెండో వరుసలో ఉన్నారు. అమ్మా, మీరు ఎప్పుడూ ఎడమ సీట్లో కూర్చునేవారు, ఒకసారి "అక్కా, నీ కారుకి ఈ సన్న స్పోకులు భలే ఉన్నాయే" అన్నారట, అక్కగారు మిమ్మల్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేసి, కళ్ళజోడు రాసిచ్చారట. అమ్మా, మీ కళ్ళకేం కాలేదమ్మా. ఆ జోడు తీసేయొచ్చు. (చప్పట్లు. చెల్లెలుగారు కళ్ళజోడు తీసి అక్కగారికి చూపించారు.)

నవ్వు బానే ఉంది గానీ, నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఆ రోజు నుంచి మాకో పద్ధతి పడిపోయింది. ఆ కారు వచ్చిందంటే ఎడమవైపు బావది, కుడివైపు నాది. ఆయన నా వైపు రాడు, నేను ఆయన వైపు వెళ్ళను. ఎవరి చక్రాలు వాళ్ళే తుడుచుకుంటాం, ఎవరి బోల్టులు వాళ్ళే బిగించుకుంటాం. కారుకు అటు నుంచి ఆయన, "ఇంకా ఆ బూట్లేనా?" అంటాడు. ఇటు నుంచి నేను, "ఇంకా ఆ పట్టీలేనా?" అంటాను. పదకొండేళ్ళు ఇదే. మీకు వెర్రిగా ఉండొచ్చు. నాకు మాత్రం నెలలో అన్నిటికంటే మంచి రోజు అదే.

బుధవారం మా బావ, అక్కయ్యగారు కొండ ఊరికి వెళ్ళిపోతున్నారు. పన్నెండు గంటల ప్రయాణం. అక్కడ కూరగాయలు పెంచుతాడట. ఒక్కో వంకాయనూ ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తాడు కాబోలు. (నవ్వులు) నెల రోజులుగా ఇంట్లో అందరితోనూ వెళ్ళిరమ్మనండి, విశ్రాంతి తీసుకోమనండి అంటూనే ఉన్నాను. కానీ బావా, నాకు భయంగా ఉంది. వచ్చే నెల ఈ కారు వస్తుంది. నేను ఇటు కూర్చుని అడుగుతాను, అటు నుంచి ఎవరూ పలకరు.



అందుకని ఒక పని చేశాను. నీకు ముప్పై ఒక్కేళ్ళలో నేనెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. అది చెప్పకుండా నిన్ను బస్సెక్కించలేను. పొద్దున నీకంటే ముందే వచ్చాను. నీ బల్ల పైన గోడకు వేలాడుతున్న మిగతా రెండు స్పోకుల చక్రాలు తీశాను. దుప్పటి కుడివైపు మాత్రం ఎత్తి, నా అల్లాయ్‌లు విప్పి, నీ స్పోకులు బిగించాను. బూట్లు కాదు బావా, పట్టీలే. ఈ కారుకు స్పోకులే అందం. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. పట్టుదలకు పోయాను. ఇప్పుడు నాలుగూ నీవే. నువ్వే గెలిచావు. దుప్పటి లాగండయ్యా!

(దుప్పటి తీశారు. చప్పట్లు మొదలై, ఎడమవైపు ఆగిపోయాయి.)

ఏమైంది? ఎడమవైపు వాళ్ళు చప్పట్లు ఎందుకు ఆపారు? కుడివైపు వాళ్ళకు స్పోకులు కనిపిస్తున్నాయి కదా? సరే. ఎడమవైపు, మీకేం కనిపిస్తున్నాయి? గట్టిగా చెప్పండి. ఏంటి? ఐదు రెక్కలా?

బావా, ఎందుకు లేచావు? మైకు లేకుండా మాట్లాడితే వెనక వాళ్ళకు వినపడదు. సరే, నేనే చెప్తాను. నిన్న సాయంత్రం నేను ఇంటికి వెళ్ళాక, ఈయన దుప్పటి ఎడమవైపు ఎత్తి, నా చెక్కపెట్టెలోంచి మిగతా రెండు అల్లాయ్‌లు తీసి, తన స్పోకులు విప్పేసి, నావి బిగించాడట. "నీ వైపు చూడకూడదు కదా, అందుకే చూడలేదు" అంటున్నాడు. నా పెట్టె నేను తెరవలేదు. పొద్దున తన గోడ ఖాళీగా ఉండటం ఆయన చూశాడట. ఊరికి తీసుకెళ్ళమని నేనే కట్టిపెట్టాననుకున్నాడట!

(చాలాసేపు నవ్వులు.)

ఉండండి, ఇంకేదో అంటున్నాడు. గట్టిగా చెప్పు బావా. ఏమంటున్నాడంటే, "నువ్వే రైటని చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి వచ్చింది" అంటున్నాడు.



నేను రాసుకొచ్చిన కాగితంలో ఇక్కడ నీ గురించి చాలా గొప్ప మాటలున్నాయి బావా. అవి చదవలేను. కళ్ళు సరిగా కనపడటం లేదు. డాక్టరమ్మగారూ, నాకు జోడు రాయకండి, ఇది వేరే.

అధ్యక్షురాలుగారు ఏదో సెలవిస్తున్నారు. ఆ... వినండి. "పదకొండేళ్ళు మా చెల్లెలు స్పోకుల పక్కన తిరిగింది, ఇప్పుడు నేను తిరుగుతాను, ఒక్క చక్రం కూడా మార్చడానికి వీల్లేదు. ఎడమవైపు మనిషి లేకుండా మాత్రం ఈ కారు సర్వీసుకు రాదు. ఆయన మూడు నెలలకొకసారి వస్తే అప్పుడే పంపిస్తాను" అంటున్నారు. బావా, విన్నావా? వంకాయలకు నీళ్ళు అక్కయ్యగారు పోస్తారు. అక్కయ్యగారు తలూపుతున్నారు. తలూపడం చూస్తే మూడు నెలలు ఎక్కువ, నెలకోసారి తీసుకుపొమ్మన్నట్టుంది. (నవ్వులు, చప్పట్లు)

నేను ఇవాళ ఓడిపోదామని వచ్చాను. ఈయన నన్ను ఓడిపోనివ్వలేదు. తనూ గెలవలేదు. కాబట్టి మా గొడవ తేలలేదని, తేలేదాకా మా బావ పదవీ విరమణ పూర్తి కానట్టేనని ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను.

ఓపిగ్గా విన్న పెద్దలకు, కుర్చీలు ఇచ్చిన పక్క షెడ్డువారికి, పదకొండేళ్ళ మోసాన్ని నవ్వుతూ క్షమించిన డాక్టరమ్మగారికి, ఇంకా క్షమించని చెల్లెలుగారికి కృతజ్ఞతలు. అరె, మా బావ వేదిక దిగి ఎక్కడికి వెళ్తున్నాడు? కోటు విప్పేశాడు. స్పానరు కూడా దొరికినట్టుంది. కారు చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడండీ, పదకొండేళ్ళలో మొదటిసారి! కూర్చున్నాడు. నేను పొద్దున బిగించిన బోల్టులు పరీక్షిస్తున్నాడు. ఏంటీ? "బిగించడం ఇంకా రాలేదు నీకు" అంటున్నాడు.

ఒరే బావా, లే! అది నా వైపు! వస్తున్నానుండు. అందరూ భోజనాలకు లేవండి, సెలవు!