ముప్పైమూడేండ్ల ముందే కుదిర్చిన ఊరేగింపు

కుళ్ళాయప్ప అని తప్పెట కొట్టేటాయన ఉండేవాడంట. అరవై రెండేండ్లనుకో. పీర్లపండగకూ ఆయనే, వినాయకుడి ఊరేగింపుకూ ఆయనే. ఆ దరువు వేరే, ఈ దరువు వేరే, రెండూ ఆయన చేతుల్లోనే ఉన్నాయి, వెనక నేర్చుకున్నోడు ఒక్కడూ లేడు. ఏమైందంటే, ఆ ఏడు పీర్లను వంకకు తీసకపోయేదీ, వినాయకుణ్ణి వంక నీళ్ళలో కలిపేదీ ఒక్కరోజే పడింది. వంకకు పోను ఉండేది ఒకటే సందు. సరేనని పీర్లసావిడి చూసుకునే దస్తగిరి సాయిబూ, గుడిపెద్ద ఓబుళపతీ కుళ్ళాయప్పను పిలిపించుకోని టీకొట్టుకాడ కూసున్నారంట. మీరే ముందు పొండి బావా అంటాడు సాయిబు. అదెట్లా, పీర్లు పెద్దోళ్ళు, మీరే ముందు అంటాడు ఓబుళపతి. పొద్దెక్కేదాకా ఇదే. అది తేలక, మళ్ళీ ఇట్లా ఎప్పుడు పడుతుందో చూద్దామని పంచాంగం ఒకరు, ఉర్దూ క్యాలెండరు ఒకరు ముందరేసుకోని, ముప్పైమూడేండ్లకని లెక్కతీసినారంట. 'అప్పుడు పొద్దున పీర్లు, సాయంత్రం వినాయకుడు, రెండిటికీ తప్పెట కుళ్ళాయప్ప' అని కాగితం మీద రాసేసినారు. కుళ్ళాయప్ప వేళ్ళమీద లెక్కేసుకున్నాడు. 'సామీ, అప్పటికి నాకు తొంభై ఐదు గదా' అంటే, 'నీకేంరా, రాయి మాదిరుంటావు, అడ్డం మాట్లాడొద్దు' అన్నారంట. ఈ ఏటి సంగతి మాత్రం ఇద్దరూ మరిచేపోయినారు, చూసినారా.

ఆ రోజు రానే వచ్చింది. కుళ్ళాయప్ప తెల్లారి గుడికాడికి పోతే, పొద్దున సాయిబులకిడిసినాం, మేం సాయంత్రం పోతాంలే అన్నాడంట ఓబుళపతి. సావిడికాడికి పోతే, పొద్దున వాళ్ళది, మాది సాయంత్రమే అన్నాడంట సాయిబు. ఇట్లా తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయినాయి. సాయంత్రం ఏముంది, రెండూ ఒకేసారి బయల్దేరి సందు మొదట్లో ఎదురుపడినాయి. మాది కొట్టు అంటే బాగుండు, ముందు వాళ్ళది కొట్టు అని ఇద్దరూ. ఏ దరువు మొదలుపెడితే ఎవరు చిన్నబోతారోనని ఆయన చేతులు ఆడలేదు. తప్పెట కిందపెట్టి సందుకడ్డంగా కూసున్నాడు. 'ముప్పైమూడేండ్లకు నేనుండను సామీ. నాతోపాటే దరువులూ పోతాయి. చెరొకటి ఇప్పుడే పట్టండి, లేకుంటే నేను లేసేది లేదు' అన్నాడంట.

అక్కడా అంతే. పీర్లది నేను పడతా అని ఓబుళపతి, వినాయకుడిది నేను పడతా అని సాయిబు. పుట్టి తప్పెట ముట్టినోళ్ళు కాదు ఇద్దరూ. ఇంకో తప్పెట తెప్పించి, ఒకరి మణికట్టు, ఇంకొకరి మణికట్టు పట్టుకోని నేర్పించుకుంటా నడిపించినాడంట కుళ్ళాయప్ప. ఊరంతా వీళ్ళ చేతులు చూసి నవ్వుతా పోయిందేగానీ, ఏ దేవుడు ముందు సందు దాటినాడో ఒక్కరూ చూడలే. వంక దగ్గరపడినాక చేతులిడిసి, ఆయన ఉట్టిచేతులతో వెనక నిలబడినాడు. తప్పెట కొట్టేటోడు ఎప్పుడూ ముందరే గదా, పీర్లనూ వినాయకుణ్ణీ తిన్నగా చూసింది ఆ పొద్దేనంట. దరువు సంగతి అడగొద్దు నాయనా. అది పీర్లదో వినాయకుడిదో చెప్పమంటే కుళ్ళాయప్పే చెప్పలేకపోయినాడు.