తోడల్లుడి కర్రకు తగిలిన చేప

పడవల రేవు పక్కనున్న టీకొట్టులో సాయంత్రం పూట చోటు దొరకడం కష్టం. ఆ రోజు కండక్టరు బాబాయి ఒక్కడే సగం బెంచీ ఆక్రమించి కూర్చున్నాడు. పక్కన గోడకి ఒక గాలం కర్ర ఆనించి ఉంది. అలాంటిది మేమెవరమూ అంతకుముందు చూళ్ళేదు. బాబాయి కన్నా పొడుగు, మొదలు దగ్గర బొటనవేలంత లావు, రెండు చేతులతో పట్టుకునేలా పొడవాటి పిడి.

దాన్ని చేసినవాడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. బాబాయికి తోడల్లుడు, వడ్రంగం పని, మాటలు తక్కువ. ఇన్నాళ్ళూ చిన్న ఎరలు విసిరే సన్న కర్రలే చేశాడు. బాస్ అనే పెద్దనోటి చేపల కోసం అరచేయంత చెక్క చేపకి కొక్కేలు తగిలించి దూరం విసురుతారే, ఆ పనికి ఇంత లావు కర్ర చెయ్యడం ఇదే మొదలు. చేపలు పట్టే క్లబ్బువాళ్ళు ఇలాంటివి కావాలన్నారు. చేస్తాడో లేదో రేపు పొద్దున చెప్పాలి. పెద్ద చేప తగిలినప్పుడు కర్ర విరిగిందంటే ఇక అతని చేతి పనిని ఎవరూ నమ్మరు. అందుకే ముందు వాడి చూడమని బాబాయికి ఇచ్చాడు. ఇంకెవరూ దొరకలేదో ఏమో మరి.

బాబాయి గ్లాసు అందుకుని, మీసాలు దువ్వుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా నీకో దండం తమ్ముడూ. నీ చేతులకి దండం, నీ చిత్రికకి దండం, దారం చుట్టేటప్పుడు అటు కొస పట్టుకుందట, మా మరదలికి కూడా దండం. ఇలాంటి కర్ర నా చేతిలో పెట్టినందుకు నీ రుణం ఈ జన్మకి తీరదు."

"అది సరే అన్నయ్యా, కర్ర ఎలా ఉంది? బరువైన చేపబొమ్మ కడితే రెండు ముక్కలు కలిసే కీలు దగ్గర కదులుతోందా?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. బస్సు డిపోలోంచి కదలకుండానే నా స్టేజీ వచ్చిందా అంటే ఎలా? నిన్న పొద్దున్నే పడవెక్కా. పడవాయన తెడ్డేస్తున్నాడు, నేను ముందు నిలబడ్డా. నిలబడ్డమంటే మీలాగా దేన్నో పట్టుకుని వేలాడ్డం కాదు, సర్వీసంతా ఘాటు రోడ్డు మలుపుల్లో కూడా కడ్డీ ముట్టుకోకుండా టిక్కెట్లు కొట్టినవాణ్ణి, పడవ నాకో లెక్కా? సరే, చిన్న చేపబొమ్మతో మొదలెడదామని సంచిలో చెయ్యి పెట్టి, ఛ, ఈ కర్రకి అవమానం అనిపించి, అన్నిట్లోకీ పెద్దది తీసి కట్టా. మణికట్టు ఇలా కదిపానంతే. చెక్క చేప రయ్యిమని పోయి తూటికాడల అవతల పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తే తెలుస్తుంది," అంది టీకొట్టు అక్క.

"మోచేతి పొడుగు బాస్ చేప తగిలింది. చిన్నపిల్ల, పాపం. వదిలేశా. రెండోసారి కాస్త గట్టిగా విసిరా. ఈసారి చెక్క చేప అవతలి ఒడ్డు దాటిపోయింది. అక్కడ రోడ్డు మీద మన సర్వీసు బస్సు వెళ్తోంది. ఈ కిటికీలోంచి లోపలికెళ్ళి ఆ కిటికీలోంచి బయటికొచ్చింది. ఒక్కరికి గీత పడితే ఒట్టు. డ్రైవరు హారన్ కొట్టి చెయ్యి కూడా ఊపాడు."

"చెక్క చేప టిక్కెట్టు తీసుకుందా బాబాయ్?" అన్నాడు సెలూన్ అతను.

"మా స్టాఫు చేపే. పాస్ ఉంది."

తోడల్లుడు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "మొన ఎంత వంగింది అన్నయ్యా?"

"మొన సంగతి అడక్కు తమ్ముడూ. వంగి నా చెవిలో ఏదో చెప్పి, మళ్ళీ లేచి నిలబడింది. అంత మర్యాద నేర్పావు దానికి. ఇక మూడోసారి. పడవ కింద నల్లగా కదిలితే మబ్బు నీడేమో అనుకున్నా. కాదు. పైకి తేలింది. ఏం చెప్పను, పొట్ట చూస్తే లారీ టైరు, నోరు తెరిస్తే ఈ బెంచీ మీదున్న మనందరం అందులో కూర్చుని టీ తాగొచ్చు. పైగా మీసాలు."

"బాస్ చేపకి మీసాలుండవు బాబాయ్."

"దీనికున్నాయి. పెద్ద వయసుది. అది ఒక్కసారి ఎగిరి పడిందా, నీళ్ళన్నీ ఒడ్డుకి పోయి కాసేపు అడుగు కనిపించింది. మా అత్తగారు ఎప్పుడో జారవిడిచిన ఇత్తడి చెంబు అక్కడే ఉంది, వంగి తీసుకుందామనుకునేలోపు నీళ్ళు తిరిగొచ్చేశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేప మమ్మల్ని పడవతో సహా లాక్కుపోయింది. నేను కర్ర వదల్లా. ఒడ్డు పొడుగునా చెయ్యెత్తినవాళ్ళనల్లా ఎక్కించుకున్నా, దిగేవాళ్ళని దింపా. రైట్ అంటే కదిలేది, హోల్డాన్ అంటే ఆగేది. బడికి ఆలస్యమైన పిల్లల్ని గేటు దగ్గర దింపి మరీ వచ్చాం."

అందరూ నవ్వారు. తోడల్లుడు నవ్వలేదు.

"అన్నయ్యా, నాకిది నవ్వులాట కాదు. రేపు వాళ్ళకేం చెప్పను? చేప బస్సయిందని చెప్పనా? కర్ర గట్టిదా కాదా, ఒక్క ముక్క చెప్పు."

"గట్టిదే తమ్ముడూ. నా మాట నమ్ము."

"ఏ మాట నమ్మను?"

బాబాయి టీ ఓ గుక్క తాగాడు. మళ్ళీ గొంతు పెంచాడు. "ఇంత జరిగినా నా చొక్కా మీద ఒక్క చుక్క నీరు పడితే చూడు."

అప్పుడు పడవాయన ముందుకొచ్చాడు. ఎప్పుడొచ్చాడో, గుంజకి ఆనుకుని అంతా వింటున్నాడు. చేతిలో ఉన్న నానిపోయిన తోలుచెప్పు తెచ్చి బెంచీ మీద పెట్టాడు.

"నీదే. ఇందాక తూటికాడల్లో తేలింది."

అందరం బాబాయి కాళ్ళ వంక చూశాం. పిన్ని రబ్బరు చెప్పులు వేసుకునున్నాడు.

"కండక్టరు చెప్పినదాంట్లో చేప సంగతి మాత్రం నిజం," అన్నాడు పడవాయన. "నేనూ చూశా. ఆ పొట్ట, ఆ మీసాలు, తెరిచిన నోరు, అన్నీ ఉన్నాయి. నోట్లోంచి హోల్డాన్, హోల్డాన్ అని కేకలు కూడా వచ్చాయి."

టీకొట్టు అక్క గరిటె పక్కన పెట్టేసింది.

"కూర్చుని విసరమన్నా. వింటేగా. దేన్నీ పట్టుకోకుండా నిలబడి, ఉన్న బలమంతా పెట్టి కర్ర వెనక్కి తిప్పాడు. చెక్క చేప కొక్కెం వెనక బెల్టుకి తగులుకుంది. చూసుకోకుండా ముందుకి విసిరాడు. కర్ర పడవలో పడింది, ఈయన నీళ్ళలో పడ్డాడు. ఈత రాదు. తెడ్డు చాపితే అందలా. దారం ఇంకా బెల్టుకే ఉంది కదా అని కర్ర తీసుకుని రీలు తిప్పా. మొన నీళ్ళకి తగిలేదాకా వంగింది. విరిగిపోతుందనే అనుకున్నా. విరగలా. పడవ పక్కకి తెచ్చుకుని కాలరు పట్టి లోపలికి లాగా."

ముందు సెలూన్ అతను నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. తోడల్లుడు లేచి కర్ర అందుకున్నాడు. కీలు చుట్టూ గోటితో నొక్కి చూశాడు, దారం చుట్టిన చోటల్లా వేలితో తడిమాడు. ఎక్కడా చిట్లలేదు. దాన్ని గోడకి ఆనించి బాబాయి పక్కన కూర్చున్నాడు.

"ఈత రాకుండా నిలబడ్డావా? వదినకి నేనేం చెప్పేవాణ్ణి అన్నయ్యా?"

"అందుకేగా దండంతో మొదలెట్టా," అన్నాడు బాబాయి. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "పడ్డానంటే వీళ్ళు నవ్వుతారు. చెప్పకపోతే నీ కర్ర సంగతి నీకు తెలియదు. నిన్నట్నుంచీ ఎలా చెప్పాలో తెలియక చేప మీదుగా వచ్చా. ఆ కర్ర నువ్వు కాక ఇంకెవరు చేసినా ఈ పూట నేనిక్కడ టీ తాగేవాణ్ణి కాదు తమ్ముడూ. నా ప్రాణం నీ చేతి పని మీద నిలబడింది. అది మాత్రం కోతలు కాదు."

తోడల్లుడు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. బాబాయి భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని, "రేపు వాళ్ళకి చేస్తానని చెప్తా. ఎంత బరువు ఆపుతుందని అడుగుతారు," అన్నాడు.

"ఒక కండక్టరుని, తడిబట్టలతో సహా అని చెప్పు," అంది టీకొట్టు అక్క.

బాబాయి వెంటనే గ్లాసు కింద పెట్టి బెంచీ మీది చెప్పు చూపించాడు.

"ఒక చెప్పు అప్పటికే పోయింది. ఆ బరువు తీసేసి చెప్పు తమ్ముడూ. లేనిది కలిపి చెప్పడం నాకు గిట్టదు."