ముత్తన్న తుంచిన మొలకలు

ఏందిరా మల్లేష్, తుంచుమంటె అట్ల బీరిపోయి నిలవడ్డవ్? మొలకలు ఆగమైతయని భయమా? కూసో జర. దేశంగాని దేశంల ఈ బుదైయా విల్లాల నీకంటె ముందు మా ఊరి ముత్తన్న తోట చూసేటోడు. ఇప్పుడు లేడులే, నాలుగేండ్లాయె పోయి. నేనప్పుడు గూడ ఈ ఇంటోళ్ల డ్రైవర్నే.

రెండువేల ఒకటిల మేడం బిడ్డ పెండ్లి ఫిబ్రవరిల ఈ తోటలనే పెట్టుకున్నరు. పెండ్లినాటికి పూయాలని మేడం ముందుగాలనే స్నాప్‌డ్రాగన్ గింజలు తెప్పించింది. అదే, బుగ్గలు ఒత్తితె నోరు తెరుస్తది చూడు, గా పువ్వు. గింజ ఎంత సన్నమంటె, ఊపిరి ఇడిస్తె లేచిపోతది. ముత్తన్న నీళ్లు మొక్క మొదలుకాడనే పోసేటోడు, ఆకు తడిస్తె తుప్పు రోగమొస్తదని. మొలకలు జానెడు గాకముందే ఒక పొద్దుగాల గోటితోని అన్నిటి కొసలు తుంచిండు. బతుకమ్మ పండుగకు బంతి పెట్టేటోళ్లు తుంచరా? మనకేం కొత్తనా? గని మేడంకేమెరుక, చూసి ఏడ్చింది పాపం. గీ ఇంటాయన, మనకు వీసా ఇచ్చిన కఫీల్, ఉరికొచ్చి ఖలాస్, అంత అయిపోయింది అన్నడు. పెండ్లికి పూలు లేకుంటె తెల్లారే నిన్ను ఊరికి తోలుత అన్నడు. ముత్తన్న వచ్చి ఆర్నెల్లు గాలే, వాపస్ పోతె ఊర్ల ముఖమెట్ల చూపెడ్తడు? అడగకుంట ఎందుకు తుంచినవ్‌రా అని నేను గూడ తిట్టిన. "అన్నా, తుంచిన కాడ ఆరు కొమ్మలు రాకపోతె నేనే మూట గట్టుకుంట" అన్నడు.

పక్క విల్లాల గూడ అవే మొక్కలు. తుంచకపోయేసరికి ఒంటి కాడతోని నడుమెత్తు పెరిగినయి. వాళ్ల తోటమాలి మనయి చూసి ఒకటే నవ్వుడు. జనవరిల గాలి దుమారమొచ్చింది, రెండు దినాలు. వాళ్లయన్ని పండుకున్నయి. మనయా? మోకాలెత్తు గుబురు, ఒక్కటి ఒరగలే. పెండ్లినాటికి ఎరుపు, పసుపు, గులాబి, గోడ పొడుగూత పూసినయి. వచ్చినోళ్లు పెండ్లిపిల్లను ఇడిసిపెట్టి పూలకాడ ఫోటోలు దిగిరి. పక్క విల్లాయన మీ తోటమాలిని మాకు రెండు దినాలు పంపుమని అడిగిండు. కఫీల్ మీసం దువ్వుకుంట కుదరదన్నడు. నాకు కడుపు నిండిపోయింది. వాడు మా ఊరోడని దొరికినోనికల్ల చెప్పుకున్న.

మల్ల నవంబర్ల కొత్త మొలకలొచ్చినప్పుడు చూడు. మేడం చెప్పులిడిసి పూలమడిలకొచ్చింది, వాని ముందట మట్టిల మోకాళ్ల మీద కూసుంది. "ముత్తన్నా, ఎక్కడ తుంచాలె?" అని హిందీల అడిగింది.

వాడు నా దిక్కు చూసిండు. మూడు జతల ఆకులిడిసి, ఆ పైన, మేడం, అన్నడు. అని ఒక మొలకను మేడం దిక్కు వంచిండు.

యల్లా, లే, నువ్వు గూడ గట్లనే తుంచు. నాకు డ్యూటీ యాళ్లయింది.