పెయ్యదూడ తండ్రి పేరు

పశువుల ఆసుపత్రిలో మందుల గది. బయట ఆవరణలో దూడల పోటీ ముగిసింది, బహుమతులు ఇంకా ఇవ్వలేదు. గదిలో డాక్టరమ్మ, మొదటి బహుమతి వచ్చిన పెయ్యదూడ తాలూకు పెద్దావిడ.

"ఒక్క ముక్క చాలు పెద్దమ్మా. మైకు దగ్గరికి వెళ్ళి, 'మా గేదెకి ఈ ఆసుపత్రిలోనే ఎద సూది వేయించాను, ఈ దూడ పుట్టింది' అనండి. దిగి వచ్చేయండి."

"నాకు గొంతు పట్టేసింది డాక్టరమ్మా."

"ఇందాకే కదా టెంటు వేసినవాణ్ణి ఉతికి ఆరేశారు. గేటు దాకా వినపడింది."

"అందుకే పట్టేసింది."

"పెద్దమ్మా."

"ఊఁ."

"అయిదూళ్ళ దూడల్లో మీ దూడకి మొదటి బహుమతి వచ్చింది. పాల క్యాను, రెండు బస్తాల దాణా. మీ మొహంలో సంతోషం కనపడదేం?"

"ఉంది తల్లీ. లోపలుంది."

"కాస్త బయటికి రానివ్వండి మరి. పట్నం నుంచి పెద్ద డాక్టరుగారు పనిగట్టుకుని వచ్చి కూర్చున్నారు."

"ఆయన పక్కన కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడే, ఆయనెవరు?"

"గుమాస్తా. మీరు చెప్పింది కాగితం మీద రాసుకుంటాడు."

"రాసుకుంటాడా? అయితే నేను అసలే చెప్పను."

"ఎందుకు?"

"నోటి మాటైతే గాల్లో పోతుంది. కాగితం ఎక్కితే ఎవరు దింపుతారు?"

"దింపాల్సిన అవసరం ఏమొచ్చింది? నిజమే కదా చెప్పేది."

"ఎండ బాగా ఎక్కింది. దూడకి నీళ్ళు పెట్టారో లేదో చూసొస్తాను."

"పెట్టారు. మీరే పెట్టారు. రెండుసార్లు పెట్టారు. కూర్చోండి. మీకు చెప్పకూడదనుకున్నాను గానీ, చెప్పక తప్పేలా లేదు. ఈ ఆసుపత్రి ఎత్తేయాలని చూస్తున్నారు."

"ఎత్తేయడమేమిటి?"

"పట్నం ఆసుపత్రిలో కలిపేస్తారట. రెండేళ్ళలో ఈ ఊరి నుంచి సూదికి వచ్చిన గేదెలు పదకొండు. వాటిలో ఏడింటిని ఎద చల్లారిపోయాక తోలుకొచ్చారు. పెళ్ళి అయిపోయి పందిరి విప్పాక వచ్చి విస్తరి వెయ్యమన్నట్టు. నాలుగు చూడి కట్టాయి. మూడింటిని ఈనకముందే సంతలో అమ్ముకున్నారు. ఇక ఊళ్ళో కళ్ళకి కనపడేది ఒకే ఒక్క దూడ, మీది. దాన్ని చూపించి, మీ చేత చెప్పించి, 'ఇదిగో, ఇక్కడ పని జరుగుతోంది, తాళం వెయ్యకండి' అందామనుకున్నాను."

"మళ్ళీ తాళమా?"

"అవును."

"ముసలి డాక్టరు రిటైరై పోయాక మూడేళ్ళు దీనికి తాళమే. అప్పుడే కదా తల్లీ, మా పాత గేదె పోయింది. కడుపులో దూడ అడ్డం తిరిగింది. పట్నానికి కబురు పంపితే, వాళ్ళొచ్చేసరికి గేదే లేదు, దూడా లేదు. నా వంక చూస్తూనే కళ్ళు మూసింది. నెలరోజులు నాకు అన్నం సహించలేదు."

"తెలుసు పెద్దమ్మా."

"నీకేం తెలుసు. ఈసారి ఈ గేదె కడుపులోనూ దూడ కాలు మడతపడింది. నువ్వు భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేశావు. నీ జాకెట్టు చినిగిపోయింది, నువ్వు గమనించనైనా లేదు. నువ్వుగనక లేకపోతే ఈ దూడా లేదు, తల్లీ లేదు. నువ్వు పోతే మాకెవరు దిక్కు?"

"అందుకే ఆ ఒక్క ముక్కా చెప్పండి."

"అదే చెప్పలేను తల్లీ."

"అదేమిటి?"

"నువ్వు సూది వేసింది ఎప్పుడు?"

"పుస్తకంలో తేదీ ఉంది. పది నెలల పదిరోజులకి ఈనాలి. మీ గేదె మూడు వారాలు ఆలస్యంగా ఈనింది. అదేమిటని అడిగితే మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"'మేలుజాతి విత్తనం కదా, తీరిగ్గా పుడుతుంది' అన్నారు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మడమేమిటి, ప్రత్యేకంగా గమనించవలసిన విషయం అని రిపోర్టులో రాసి పైకి పంపాను."

"అయ్యో నా తల్లీ. అంత చదువు చదివినదానివి."

"పెద్దమ్మా, నా వంక చూసి చెప్పండి. ఆ మూడు వారాలు ఎక్కడివి?"

"నువ్వు ట్రైనింగని పది రోజులు పోలేదూ? అప్పుడు మళ్ళీ ఎదకొచ్చింది. నీ సూది నిలవలేదు. తాడు తెంపుకునేలా అరుస్తోంది. ఇక్కడికొస్తే తాళం. ఆ ఒక్కరోజు దాటితే మళ్ళీ ఇరవై రోజులు ఆగాలి. అప్పటికే ఏడాదిగా వట్టి గేదెని మేపుతున్నాను."

"అందుకని?"

"అందుకని దాటించాను."

"దేనితో?"

"పోతుతో. ఇంక దేనితో దాటిస్తారు?"

"ఎవరి పోతుతో అంటున్నాను."

"పక్కింటి పోతు."

"పక్కింట్లో ఉండేది మీ మరిది."

"మరి పోతు కూడా ఆయనదే కదా."

"టీకొట్టు ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆపి, 'సూదికి పుట్టిన గేదె పాలిస్తుందా, మందిస్తుందా' అని ఎగతాళి చేస్తాడే, ఆయన పోతా? ఈ ఊళ్ళో సగం మంది ఆసుపత్రి గడప తొక్కనిది ఆయన నోటికి జడిసే."

"మనిషి వేరు తల్లీ, పోతు వేరు. పోతు ఎవర్నీ ఒక్క మాట అనలేదు."

"మీకూ ఆయనకీ మాటల్లేవుగా?"

"ఏడేళ్ళు. గోడ కట్టిన దగ్గర్నుంచీ లేవు."

"మరి పోతునెలా ఇచ్చాడు?"

"ఎవరిచ్చారు? ఆయన సంతకి పోయిన రోజు చూసి, వెనక దడిలోంచి గేదెని తోలాను. మా తోడికోడలే తడిక తీసి పట్టుకుంది. ఆడవాళ్ళకి మాటలున్నాయిలే."

"ఇప్పుడు నేనేం చెయ్యను? బయట బోర్డు మీద ఏం రాయించానో తెలుసా? 'సర్కారు సూది, సిరుల గేదె' అని."

"చూశాను. అక్షరాలు ముద్దుగా ఉన్నాయి."

"డాక్టరమ్మగారూ, లోపలికి రావచ్చా?"

"రండి బాబాయ్. మీ గురించే అనుకుంటున్నాం."

"నేను మీతో మాట్లాడ్డానికే వచ్చాను. ఇక్కడ ఇంకెవరో ఉన్నట్టున్నారు, వాళ్ళతో నాకు పనిలేదు."

"ఆయన్ని నేను పలకరించలేదని చెప్పు డాక్టరమ్మా. మరిది కదా అని నవ్వానేమో అనుకుంటాడు. నవ్వలేదని చెప్పు."

"విన్నారుగా బాబాయ్. కూర్చోండి."

"కూర్చోను. ఆ దూడ తోక చూశారా మీరు?"

"దూడని మొత్తం చూశాను. మార్కులు వేసిన ముగ్గురిలో నేనూ ఉన్నాను."

"తోక చివర తెల్ల కుచ్చు. ఈ చుట్టుపక్కల తెల్ల కుచ్చున్న పోతు ఒక్కటే, అది మా దొడ్లో ఉంది."

"తోక చూసి చుట్టరికాలు కలుపుకునే ఇల్లు కాదు మాదని చెప్పు డాక్టరమ్మా."

"తోక ఒక్కటే కాదు. నిన్న మా ఆవిడ పాలు పితుకుతూ, 'అచ్చం మన పోతు పోలికే' అని మురిసిపోయింది. 'ఎవరే?' అన్నాను. నాలిక కరుచుకుంది. అన్నం తినకుండా కూర్చున్నాను. అప్పుడు మొత్తం చెప్పింది, దడి సంగతీ, తడిక సంగతీ."

"చెప్పేసిందా?"

"చెప్పేసింది."

"మొత్తం చెప్పేసిందా?"

"మొత్తం చెప్పింది. డాక్టరమ్మగారూ, ఆవిడ నాతో మాట్లాడుతోంది, చూశారా?"

"బాబాయ్, మీకేం కావాలి? బహుమతిలో వాటానా?"

"ఛ. క్యాను ఆవిడే ఉంచుకోమనండి. దాణా కూడా. దొంగతనంగా వచ్చినా దూడ దూడే, నేనేం అడ్డం చెప్పను. నాకు మైకు కావాలి. ఒక్క నిమిషం చాలు."

"ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతా. సర్కారు సూది ఓడింది, నా పోతు గెలిచింది. అంతే. దిగిపోతా."

"అంత మాటంటే ఈ ఆసుపత్రి ఉండదు బాబాయ్. పై వారం తాళం పడుతుంది."

"పడనీండి. మా తాతల కాలంలో ఆసుపత్రులున్నాయా? గేదెలు బతకలేదా?"

"సగం బతికాయి. మిగతా సగం సంగతి మీ తాతలు మీకు చెప్పలేదు."

"నేను సూదికి మొదట్నుంచీ వ్యతిరేకిని. ఆ మాట ఊరందరికీ తెలుసు. నా దొడ్లో సూది పడలేదు, పడదు. ఇప్పుడు మీరు నా పోతు కష్టాన్ని సూది ఖాతాలో వేసి చప్పట్లు కొట్టించుకుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"కష్టమట. పాపం."

"చూడండి డాక్టరమ్మగారూ, మళ్ళీ."

"మరిదీ."

"ఎవర్నో పిలుస్తున్నారు డాక్టరమ్మగారూ."

"నిన్నే మరిదీ."

"నన్నేనా?"

"ఈ గదిలో నాకు ఇంకెంతమంది మరుదులున్నారు? ఇట్లా కూర్చో. మా పాత గేదె పోయిన రోజున గొయ్యి ఎవరు తవ్వారు?"

"ఇప్పుడదెందుకు?"

"నువ్వే తవ్వావు. పిలవలేదు, అడగలేదు. పార పట్టుకుని వచ్చి, తవ్వి, మొహం తుడుచుకుని పోయావు. చెమటా, కన్నీళ్ళా నేను చూడలేదనుకోకు. ఆరోజు మన మధ్య గోడ అడ్డం రాలేదు."

"మూగజీవం కదా వదినా."

"ఈ పిల్ల వెళ్ళిపోతే మళ్ళీ తవ్వాల్సి వస్తుంది. నా దొడ్లోనో, నీ దొడ్లోనో. నీ గేదె కూడా చూడితో ఉంది. అడ్డం తిరిగితే ఎవరు చెయ్యి పెడతారు, టీకొట్టువాడా?"

"అది వేరు, ఇది వేరు. ఇది పరువు సంగతి. ఇన్నేళ్ళు ఒక మాట మీద నిలబడ్డవాణ్ణి. నా పోతే గెలిచిందని తెలిసి కూడా నోరు మూసుకుంటే రేపు నా మొహం నేనెలా చూసుకోను?"

"మంచి నీళ్ళతో కడుక్కుని చూసుకో."

"ఇక చాలు పెద్దమ్మా, బతిమాలకండి. తప్పు నాది. తేదీ సరిపోలేదని తెలిసి కూడా ముచ్చటపడి రిపోర్టు రాసేశాను. నేనే మైకు దగ్గరికెళ్ళి పొరపాటు జరిగిందని చెప్పేస్తాను. అబద్ధం మీద ఆసుపత్రి నిలబెట్టడం నాకిష్టం లేదు. ఎత్తేస్తే ఎత్తేయనీండి."

"ఏడుస్తున్నావా?"

"లేదు. మందుల వాసన."

"చూశావా మరిదీ. మందుల వాసనట."

"నేనేం చేశాను? నిజం చెబుతానన్నాను, అంతే కదా."

"పిలుస్తున్నారు, వినపడుతోందా? మొదటి బహుమతి దూడ తాలూకు వాళ్ళు రావాలంటున్నారు. పదండి పెద్దమ్మా, నేనూ వస్తాను."

"నువ్వుండు తల్లీ. పద మరిదీ, మనిద్దరం వెళదాం. నువ్వన్నదే బాగుంది. నిజమే చెప్పేద్దాం. దూడకి తండ్రి నీ పోతేనని ముందు నువ్వు చెప్పు."

"అద్దీ. వదినంటే ఇలా ఉండాలి. ఏడేళ్ళలో మొదటిసారి న్యాయంగా మాట్లాడావు."

"నువ్వు దిగాక నేనెక్కుతాను."

"నువ్వెందుకు ఎక్కడం? నేను మొత్తం చెప్పేస్తాగా."

"తండ్రి వరకు నువ్వు చెబుతావు. తాత సంగతి నేను చెబుతాను."

"ఏ తాత?"

"నీ పోతు కన్నతండ్రి."

"దానికి తండ్రేమిటి వదినా? పద పద."

"ఊళ్ళో అన్ని పోతులుండగా, మాటల్లేని మరిది దొడ్డికే గేదెని ఎందుకు తోలాననుకున్నావు? ఆరేళ్ళ కిందట ఒక పొద్దున, కోడి కూయకముందు, ముసలి డాక్టరు దుప్పటి ముసుగేసుకుని మీ పెరటి గుమ్మంలోంచి లోపలికెళ్ళాడు. సూది డబ్బా దుప్పటి కింద. లాంతరు నువ్వే పట్టుకున్నావు. నేను ఇవతల కుడితి కలుపుతూ చూశాను. ఎవరికీ చెప్పనని మా తోడికోడలు నా చేత ఒట్టు వేయించుకుంది. ఆరేళ్ళు నోరు మెదపలేదు. నిన్న ఆవిడ నా గుట్టు నీకు చెప్పేసింది కాబట్టి, ఇవాళ్టితో ఆ ఒట్టు చెల్లిపోయింది."

"వదినా, కాస్త మెల్లిగా. తలుపు తీసుంది."

"నిజమేనా బాబాయ్? మీ పోతు సూదికి పుట్టిందా?"

"అంటే... ఒక్కసారే వేయించానమ్మా."

"ఒక్కసారికే పుట్టింది మరి."

"ముసలాయన చేత పుస్తకంలో పొరుగూరి గేదె అని రాయించాను. ఎలా ఉంటుందో చూద్దామని. పుట్టాక దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. అప్పటికే టీకొట్టు దగ్గర నేను... మీకు తెలుసుగా."

"అంటే పెద్దమ్మా, ఈ దూడ..."

"సర్కారు సూదికి కూతురు కాదు తల్లీ, మనవరాలు. రిపోర్టు దిద్దుకో. మూడు వారాల సంగతి కూడా తీసెయ్యి, పెద్దాయన నవ్విపోతాడు. మళ్ళీ పిలుస్తున్నారు. పద మరిదీ, నీ తర్వాత నేను."

"ఆగు వదినా. నువ్వు ఎక్కొద్దు. డాక్టరమ్మగారూ, మీరూ వద్దు. ఆ మైకు నాకొక్కడికే ఇమ్మనండి. సూది గొప్పతనం ఈ ఊళ్ళో నాకంటే ముందు తెలిసినవాడు ఎవడున్నాడు?"