చంద్రవ్వ తెచ్చిన కబురు

మంథని. మధ్యాహ్నం. గంగుబాయి ఇంటి అరుగు.

"మళ్లొచ్చినవా చంద్రవ్వా? నువ్వొచ్చినవంటె జైలు కబురే. ఏంది, నీ మొగడు మళ్ల పెరోల్ మీదొస్తుండా?"

"గాదు గంగక్కా. జర కూసోనియ్యి."

"కూసో, ఎవలొద్దన్నరు?"

"గీసారి మొత్తానికే ఇడుస్తరట. జైల్ల మంచిగున్నడని."

"నా కొడుకును గొడ్డలితోని నరికినోడు మంచిగున్నడా! ఎవలు చెప్పిండ్రు?"

"ఆయనే. ఫోన్ చేసిండు."

"వాడు నీకు చెప్పె, నువ్వు నాకు చెప్పవడితివి. పద్నాలుగేండ్లాయె, సర్కారోళ్లు ఒక్క ముక్క చెప్పిండ్రా? శిక్ష పడ్డదని నువ్వే చెప్తివి. పెరోల్ మీదొచ్చిండని నువ్వే చెప్తివి."

"గీసారి వాళ్లే వస్తరక్కా. కొడుకును పోగొట్టుకున్న తల్లిని అడుగకుంట ఇడువరట. ఇడిస్తె నీకు సమ్మతమేనా అని కాయితం తెస్తరట."

"కాయితమా?"

"ఆఁ. నువ్వు ఒద్దంటె ఆపుతరట. ఒద్దనే చెప్పక్కా."

"ఏమో చంద్రవ్వా. కోర్టుకు తిరిగి తిరిగి నా కాళ్లు పడిపోయినయి. వాడు లోపలుంటె మా నరేశ్ లేసొస్తడా? అయినా నీ మొగడు నీ ఇంటికొస్తుంటె నువ్వు ఒద్దంటవేందే?"

"గా దినం గొడ్డలి నా మీదికే లేపిండక్కా. వాడకట్టంత చూసుకుంట నిలవడె. నరేశ్ ఒక్కడే అడ్డమొచ్చె."

"ఎరుకే నాకు. ఎందుకే గదంత ఇప్పుడు?"

"ఫోన్ల మంచిగనే మాట్లాడిండు. 'పద్నాలుగేండ్లల్ల ఒక్కసారి గూడ నన్ను చూడ ములాఖాత్‌కు రాకపోతివి, వచ్చినంక మాట్లాడుకుందాం' అన్నడు. అప్పటిసంది నాకు అన్నం పోతలేదు."

"ఠాణాల చెప్పుకోరాదు?"

"పోయిన. పెండ్లానివి, నిన్నెవరు అడుగుతరమ్మా అన్నరు. నిన్నే అడుగుతరట అక్కా. గందుకే ఉరికొచ్చిన."

"గా కాయితం... ఎట్లుంటదే?"

"నాకేం ఎరుక? ఎందుకక్కా?"

"ఏం లే. చాయ్ తాగుతవా?"

"చాయ్ ఒద్దు గీయ్ ఒద్దు. ఇడువద్దని ఏలుముద్ర ఏస్తనని ఒక్క మాట చెప్పు, సాలు. అక్కా... గట్ల చూస్తవేంది?"

"మొన్న శుక్రారం ఒక పోలీసాయన వచ్చిండే. పాత కేసు కాయితమన్నడు. సదివి చెప్పలే, నేనడుగలే. పద్నాలుగేండ్ల సంది ఏలుముద్రలు ఏసుడే గదా అని... ఏసిన చంద్రవ్వా."