పూలమ్మ తిప్పుడు మిషిని

పోయిన పెద్దలకు వండిపెట్టే పెత్రమాస రేపనగా, పొద్దున పూట, వరంగల్ శివనగర్‌లో పూలమ్మ వంటిల్లు. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర కింద పూలమ్మ కుడిచెయ్యి పడిపోయింది కానీ నోటికి ఏమీ కాలేదు. మొన్న వేసవిలో మొగుడు మొగిలి పోయాడు, ఆయనకు ఇదే మొదటి పెత్రమాస. మొగిలి అక్క యాకమ్మ హనుమకొండ నుంచి ఆటోలో దిగి, చెప్పులు విప్పీ విప్పకముందే వంటింటి గడప దగ్గర మొదలుపెట్టింది.

"ముందటింట్ల కుర్చీ ఉన్నది, అందుల కూసో. రేపటి వంట నేను చేస్తా. ఇగ దీని మీద మాట లేదు పూలా."

"నా ఇంట్ల, నా పొయ్యి మీద, నా మొగనికి నువ్వు వండుతవా?"

"నీ మొగడు నాకు తమ్ముడు కాడా?"

"తమ్ముడే. కాదన్ననా? ఆకు ముందట కూసొని ఎంత ఏడుస్తవో ఏడువు, అడ్డం రాను. వంట మాత్రం నేను చేస్తా వదినె."

"ఏ చేత్తోటి?"

"ఉన్న చేత్తోటి."

"ఎడమచేత్తోటి! పెద్దలకు పెట్టే కూర ఎడమచేత్తోటి! ఎవలన్న ఇంటే మొకాన ఉమ్ముతరు."

"ఇనేటట్టు నువ్వే ఒర్రుతానవు."

"నేను ఒర్రుతలేను. మంచిగ చెప్తాన. జరగు. కూరగాయలేవి? కత్తిపీటేది? … గా బండ మీదిదేంది, చిన్న గిర్నీ లెక్కున్నది?"

"మిషిని. కూరగాయలు కోసేది. మొన్న కృపమ్మక్కతోటి పోయి తెచ్చుకున్న."

"ఏ కృపమ్మ? మూలమీదింటి చర్చి కృపమ్మనా?"

"ఆమెనే. అక్క తోడొచ్చింది, బేరం నేను చేసిన."

"కరెంటుదా?"

"కరెంటు లేదు, ఏం లేదు. చేత్తోటి తిప్పుడే. మధుగాడు కరెంటుది తెస్తనన్నడు. నేనే వద్దన్న. మీట నొక్కి చూసుకుంట కూసునుడు వంటనా?"

"కొడుకు తెస్తనంటే వద్దంటవు, ఆడబిడ్డ చేస్తనంటే వద్దంటవు. ఇంత మొండితనం ఏందే నీకు?"

"ముందుగాల లేకుండె. మీరందరు కలిసి నేర్పిన్రు."

"నేనేం నేర్పిన?"

"చెప్తా ఇను. హనుమకొండల దుకాణాయన ముందుగాల ఒకటి తీసిండు. అడ్డంగ ఉంటది. ఒక చెయ్యి తిప్పాలె, ఇంకో చెయ్యి నూకాలె. ఇది నాకు కాదు, ఒక చేత్తోటి అయ్యేది చూపెట్టు అన్న. ఆయన నా దిక్కు చూడడాయె. కృపమ్మక్క దిక్కు తిరిగి, 'అమ్మకు ఎందుకు కష్టం, కోసిన కూరగాయలే దొరుకుతయి గదా' అని ఆమెకు చెప్తాండు."

"మంచి మాటే చెప్పిండు."

"మంచి మాట నాకు చెప్పాలె గదా, అక్కకెందుకు? పడిపోయింది నా చెయ్యి, చెవులు కాదు అన్న. అప్పుడు మూలకు పెట్టింది తీసిండు ఇది. అక్కడ్నే బల్ల మీద పెట్టి, తిప్పి చూసినంకనే పైసలిచ్చిన."

"నలుగుట్ల ఎడమచేత్తోటి తిప్పినవా?"

"నలుగుట్లనే. చూడనియ్యి."

"సిగ్గు గాలే?"

"అయింది. తిప్పుకుంటనే సిగ్గువడ్డ. తిప్పుతాంటే అదే పోయింది."

"…ఎట్ల కోస్తది మల్ల?"

"ఎందుకు నీకు? కత్తిపీట కావాలె గదా, మూలకు ఉన్నది తీస్కో."

"అడుగుతాన గదా. చెప్తే అరిగిపోతవా?"

"కాయను నిలువుగ నిలవెట్టి ఈ ముండ్లకు గుచ్చాలె. పైన పిడి పట్టుకొని తిప్పుడే. తిప్పుతాంటే చెయ్యి బరువుకే కిందికి దిగుతది. కింద బ్లేడు. దారం ఉండ ఇప్పినట్టు తీగ తీగ వస్తది."

"గట్టిగ తిప్పితే మిషిని జరుగదా?"

"కింద రబ్బరు కాళ్లు చూడు. జలగ పట్టినట్టు పడుతయి. బండ తడిబట్టతోటి తుడిచి పెట్టాలె, గంతే. మొదటి దినం తెలువక పిండి పడ్డ బండ మీద పెట్టిన. కాయ, మిషిని, నేను, అందరం నేల మీదనే."

"పడ్డవా! సూసినవా? గందుకే చెప్తాన!"

"పడ్డ. లేచిన గూడ. అది మాత్రం ఎవలూ చెప్పరు."

"చెక్కెట్ల తీస్తవు? ఒక చెయ్యి పట్టుకోవాలె, ఒక చెయ్యి గీకాలె."

"ముండ్లకు గుచ్చినంక పట్టుకునే పని దానిది. గీకుడే నాది. జర జర తిప్పుకుంట పైకెళ్లి కిందికి గీకుత."

"కొసలు?"

"కత్తిపీట మీద. పీటను కాలుతోటి తొక్కిపట్టి, ఈ చేత్తోటి నూకుత."

"ఏలు తెగితే?"

"తెగితే నెత్తురొస్తది. నీకు కుడిచెయ్యి ఏలు తెగితే పాలొస్తయా?"

"నీతోటి మాట్లాడుడంటే మిరపకాయ నమిలినట్టే."

"నమలకు మల్ల. బీరకాయ పెట్టిన ఒకదినం, పిసపిస అయి ముద్దయింది. మెత్తటియి దీనికి పనికిరావు. లేత సోరకాయ, ముల్లంగి, క్యారెట్ అయితే నీటుగ వస్తయి. నడుమ దంటు మిగులుతది, గదిగో, పుట్టగొడుగు లెక్క. అది పప్పుచారుల వేస్తా. ఒక్క ముక్క పారెయ్య."

"అంత మంచిదే పూలా. రోజు చేసుకో, తిను, నీ కొడుక్కు పెట్టు. ఎవలు వద్దన్నరు? రేపు ఒక్కదినం మాత్రం…"

"దవాఖానకెళ్లి వచ్చినప్పుడు గూడ గట్లనే అన్నరు. ఒక్కవారం కూసో అన్నరు. ఆ వారం ఇంక ఒడువలే. నీళ్లు ముంచుకుంటే ఆగు ఆగు. చీపురు పట్టుకుంటే వద్దు వద్దు. రేపు మన ఇంటిపేరు పాలోళ్లందరి ముందట నేను ముందటింట్ల కుర్చీల కూసున్ననంటే, ఇగ ఈ గడప నాకు బందే వదినె. సచ్చేదాక కుర్చీలనే. నేను కూసోను."

"పాలోళ్లు అంటేనే నాకు భయం. పెద్దబావ ఎసొంటోడో ఎరుక గదా. తెలిస్తె ఆకు మీదికెళ్లి లేస్తడు."

"లేవనియ్యి. పాణం ఉన్న పెద్దబావ లేస్తే రాత్రికి ఆకలయి ఆయనే వస్తడు. నేను వండేది పోయినోళ్లకు."

"పోయినోళ్లకే అసలు పెట్టద్దు ఎడమచేత్తోటి!"

"ఎందుకు పెట్టద్దు? నీ తమ్ముడు మంచంల ఉన్నప్పుడు జావ ఎవలు కాసిన్రు? ఎవలు తాగిపిచ్చిన్రు? మూతి ఎవలు తుడిచిన్రు? చెప్పు. నువ్వు ఆదివారం ఆదివారం యాపిల్‌పండ్లు పట్టుకొని వచ్చి పోతుంటివి. ఈ చెయ్యే వదినె. ఈ ఎడమచెయ్యే. 'పూలా, ఉప్పు తక్కువైంది' అన్నడు. 'సల్లారింది' అన్నడు. ఒక్కనాడన్న 'ఎడమచెయ్యి' అన్నడా?"

"…బతికినోళ్లది వేరు, పోయినోళ్లది వేరు."

"పోంగనే మొగిలికి కొత్త బుద్ధి పుట్టిందా? ఈ ఇంట్ల ముప్పై ఏండ్లు నా చేతి కూర తిన్నడు. రేపొచ్చి ఆకుల నీ కూర చూసి, 'నా పెండ్లామేది' అని అడుగడా? ఏమని చెప్తవు? కుర్చీల కూసోవెట్టినమని చెప్తవా?"

"ఏడువకు."

"ఏడుస్తలేను. ఉల్లిగడ్డ."

"ఉల్లిగడ్డ ఏది ఇక్కడ?"

"లేకుంటే లేదు. నా ఇంట్ల నేను ఏడుస్తా, నీకేంది?"

"సరే పూలా. నీ మాట కాదు, నా మాట కాదు. ఒక పని చేద్దం. నువ్వే కొయ్యి. మిషినితోటే కొయ్యి. పాలోళ్లు అడిగితే, మిషిని కోసింది, మా పూల చెయ్యి తగులలేదు అని నేను చెప్త. అన్నం, పప్పు నేను దించుత. నువ్వు నోరిప్పకు. అయిపాయె."

"అట్ల చెప్పను."

"నువ్వు చెప్పొద్దు, నేనే చెప్త అంటాన గదా!"

"నువ్వు చెప్పినా నేను ఊకోను. మిషిని దానంతట అది తిరిగిందా? నేను తిప్పిన. నా ఎడమచేత్తోటి తిప్పిన. అడిగినోళ్లకు గిదే చెప్త. అడగనోళ్లకు గూడ చెప్త."

"మా అవ్వ ఉంటేనా, నీకు…"

"అత్త ఉంటే ఏం చేస్తుండె?"

"…ఏం లేదు."

"మాట సగంల మింగకు. ఏం చేస్తుండె?"

"ఏం లేదన్న గదా. జరగు అటు. ఏదీ, నేను చూస్త ఈ మిషిని. అంత చెప్తానవు."

"నువ్వా?"

"ఎందుకు, నాకు చేతులు లేవా? సోరకాయ గుచ్చినవా? ఇట్లనేనా?"

"నిలువుగ. ఆఁ. ఇగ పిడి పట్టుకో. తిప్పు. … నూకకు, నూకకు! చెయ్యి బరువుకే దిగుతది. నువ్వు తిప్పుతనే ఉండాలె."

"తెగిపోతాందేందే ఇది? ముక్కలు ముక్కలు వస్తాంది."

"ఆగుకుంట ఆగుకుంట తిప్పుతానవు గదా. ఒక్కతీరుగ తిప్పు."

"ఒక్కతీరుగనే తిప్పుతాన! బ్లేడే మొండిది."

"నువ్వు రాకముందు నాకు మంచిగనే కోసింది. ఆ చెయ్యి కొంగుల ఏంది వదినె? కొంగు జారి బ్లేడుల పడుతది, చెయ్యి బయటికి తియ్యి."

"ఉండనియ్యి. చలి."

"భాద్రపదంల చలా? నాకు చెమటలు కారుతానయి."

"నాకు చలే."

"వదినె. నాకెరుకే."

"ఏమెరుక?"

"ఆ ఎడమచెయ్యి మీది వాత."

"అది… అన్నం వారుస్తాంటే గంజి పడ్డది. చిన్నప్పుడు."

"గంజి పడితే గంటె కొస లెక్క గుండ్రంగ కాలుతదా? నీ తమ్ముడు చెప్పిండు నాకు. ఎడమచేత్తోటి బుక్క పెట్టుకున్నవని అత్త ఇనుప గంటె పొయ్యిల కాల్చి పెట్టిందంట. ఆయన తలుపు సందుల నిలవడి చూసిండంట. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిండు."

"…మొగిలి ఏడ్చిండా?"

"ఏడ్చిండు."

"నాకు ఎన్నడు చెప్పలే వాడు."

"నువ్వు ఎన్నడన్న చెప్పనిచ్చినవా? ఆ చెయ్యి ఎవలకు చూపెట్టినవు గనుక?"

"ఎన్కటి ముచ్చట ఇప్పుడెందుకు? అవ్వ నా మంచికే పెట్టింది. అత్తగారింట్ల నలుగురు నవ్వద్దని పెట్టింది."

"మంచికేనా?"

"మంచికే."

"మల్ల ఇన్నేండ్లు దాస్తానవెందుకు?"

"కాయ దిక్కు చూడు, నా చెయ్యి దిక్కు కాదు."

"అయితే రేపు ఆకు నీ తమ్మునికి ఒక్కనికే కాదు, అత్తకు గూడ వేస్తం. ఆమెకు గూడ నేనే వండుత. నా చేతికి గూడ వాత పెడ్తదా? రమ్మను. ఉన్న ఒక్క చెయ్యిని కాల్చుకోనియ్య నేను, ఎవలొచ్చినా."

"పూలా."

"ఏంది? పెద్దోళ్లను అనద్దు అంటవు, గంతేనా? అంటా."

"గది కాదు. ఈ తెగిన ముక్కలు తీసి పక్కకు పెట్టు. కొత్త సోరకాయ గుచ్చు."

"నీకు రాదు, ఇడిసిపెట్టు. నేను కోస్త."

"గుచ్చమన్న గదా. కొంగు నడుముకు దోపుకోనియ్యి. … ఊ. జరగు."

"మెల్లగ వదినె. … ఓ! తెగకుంట వస్తాంది! ఎంత పొడుగొస్తాందో చూడు! గింత సేపు ఎందుకు రాలే మల్ల నీకు? … వదినె. వదినె, నువ్వు ఏ చేత్తోటి…"

"కనవడుతాంది గదా, అడుగుతవెందుకు? ఆ తాంబాలం ఇటు జరుపు, కింద పడుతాంది. రేపు అవ్వ ఆకుల ముందుగాల నేను కోసిందే వెయ్యాలె."